కుడి సగం

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 18.

రూబీకి,

నీ ఉత్తరం పదహారో తేదీ మధ్యాహ్నం చేరింది. నువ్వు నాలుగుసార్లు ఫోను చేశావు, నేను ఎత్తలేదు. ఇకముందూ ఎత్తను. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, చివరికి ఎవరు ఏమన్నారో ఇద్దరికీ గుర్తుండదు. ఏం చెప్పదలచుకున్నా రాసి పంపు.

ఉన్న సంగతులు వరసగా రాస్తున్నాను. కాదన్నవి ఉంటే చెప్పు. నువ్వు ఇంజనీరింగు పాసయ్యావు. బెంగళూరు కంపెనీవాళ్ళు ఉద్యోగం ఇచ్చారు, జనవరి అయిదున చేరాలి. ఈలోగా స్నేహితురాలి పెళ్ళికని ఏలూరు వెళ్ళి, అక్కడ గంగరాజుగారి తివాచీల షెడ్డు చూసి, మగ్గం దగ్గరే కూర్చుండిపోయావు. ఇప్పుడు ఉద్యోగం వద్దు, తివాచీలకు బొమ్మలు గీసి నేస్తాను అంటున్నావు. మీ నాన్న యాకోబు "అమ్మ ఎలా అంటే అలా" అని తప్పుకున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

మా అమ్మ ఉంగుటూరు పొలాల్లో ఊడ్పులకు వెళ్ళి నన్ను చదివించింది. నేను ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. మన ఇంటి ఆడవాళ్ళ చేతులు బురదలోంచి కాగితం మీదికి రావడానికి ఎంతకాలం పట్టిందో నీకు తెలుసు. నువ్వు మళ్ళీ నేల మీద కూర్చుని రోజంతా ముడులు వేస్తానంటే నేను సంతోషించాలా?

అయినా అడిగావు కనుక నా షరతు విను. డిసెంబరు పదిహేనులోగా ఒక్క తివాచీ నీ చేతుల మీదుగా పూర్తికావాలి. పువ్వులూ తీగలూ వద్దు, అవి అక్కడ అందరికీ వచ్చు. కష్టమైనదేదో నువ్వే ఎంచుకో. అది సరిగ్గా వస్తే ఉద్యోగం ఊసు నేను ఎత్తను. రాకపోతే జనవరి అయిదున నువ్వు కంపెనీలో ఉంటావు.

మీ నాయనమ్మ,
సలోమి.


ఏలూరు,
ఆగస్టు 23.

నాయనమ్మగారికి వందనాలు.

మీరు రాసినవాటిలో కాదనాల్సింది ఏమీ లేదు. షరతుకు ఒప్పుకున్నాను. మోనాలిసాని ఎంచుకున్నాను.

ఆ మాట వినగానే గంగరాజుగారు, "ఏవమ్మా, ఇటలీ ఆవిడ్ని తెచ్చి ఏలూరు తివాచీ మీద పడుకోబెడతావా? జనం తొక్కరూ?" అన్నారు. గోడకు తగిలించేదండీ అన్నాను. నాకు ముడి నేర్పిన మణెమ్మగారు మాత్రం బొమ్మను చాలాసేపు చూశారు. ఆవిడది కొల్లేటికోట. ముప్పై ఏళ్ళుగా ఈ మగ్గం మీదే ఉన్నారు. చూసి చూసి, "కనుబొమ్మలేవండీ ఈవిడకి? పాపం, జ్వరవొచ్చి ఊడిపోయాయా?" అన్నారు. మొదట్లో ఉండేవనీ, కాలక్రమాన చెరిగిపోయి ఉండొచ్చనీ కొందరు పరిశోధకులు అంటారని చెప్పాను. "అయితే ముసలిదైపోయిందన్నమాట. మరింకా నవ్వుతుందేం?" అన్నారు.

అసలు చిక్కు ఆ నవ్వు దగ్గరే ఉంది. లియొనార్డో ఆ ముఖంలో ఎక్కడా గీత గియ్యలేదు. పెదవి ఎక్కడ ఆగిందో, చెంప ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. పలచటి రంగు పొరలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయాడు. అన్నీ కలిపినా వెంట్రుక మందం కూడా ఉండవట. ఆ పద్ధతికి వాళ్ళ భాషలో పొగ అనే మాటలోంచి స్ఫుమాటో అని పేరొచ్చింది. పొగకు అంచు ఉండదు కదా.

కానీ ముడికి అంచు ఉంటుంది నాయనమ్మా. ప్రతి ముడీ ఒక గడి. గడుల కాగితం మీద ఈ బొమ్మను దించాలని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ ఆవిడ మూతి వంకరపోయింది. నాకు లెక్క కుదరడం లేదు. మీకు కుదురుతుంది. చేసిపెడతారా?

మీ రూబీ.


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 22.

రూబీకి,

నా షరతు నెగ్గడానికి నా చేతే పని చేయించుకుంటున్నావు. నా సర్వీసులో ఇలాంటి తెలివి చూపిన పిల్లలు ఇద్దరే.

స్టేషను దగ్గర షాపులో పెద్ద బొమ్మ ప్రింటు తీయించి, భోజనాల బల్ల ఎదురుగా గోడకు అంటించాను. మీ నాన్న రెండు రోజులు ఓర్చుకుని, "అమ్మా, ఆవిడ నా కంచంలోకే చూస్తోందే. ముద్ద దిగట్లేదు" అని కుర్చీ అటు తిప్పుకున్నాడు.

అసలు చిత్రం వెడల్పు 53 సెంటీమీటర్లు, ఎత్తు 77. నీ మగ్గం మీద వెడల్పు 240 ముడులు కనుక ఎత్తు 348.68 రావాలి. 349 వరసలు వేసుకున్నాను. మొత్తం 83,760 గడులు. ఇప్పటికి వంద వరసలు నింపాను.

బొమ్మను రోజూ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చూశాను. కళ్ళను చూస్తున్నంతసేపూ నవ్వుతోంది. నవ్వును పట్టుకుందామని పెదవుల మీదికి దృష్టి దించితే మానేస్తోంది. పరీక్ష హాల్లో నేను అటు తిరగ్గానే మాట్లాడుకుని ఇటు తిరగ్గానే తల దించుకునే పిల్లల్లాగా. పెదవుల చివరి నీడ సూటిగా చూసినప్పటికంటే ఓరగా చూసినప్పుడు బాగా తెలుస్తోందని నాకు అర్థమైంది. నాది తప్పయితే చెప్పు.

దీనితో పంపుతున్నవి: ఆకాశం ఉన్న మొదటి నలభై వరసలు, పూర్తి వెడల్పు. నలభై ఒకటి నుంచి వంద దాకా ఎడమ సగం మాత్రమే. ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబులు వచ్చాక కుడి సగం పంపుతాను.

ఒకటి: గీత లేని నవ్వును ముడులతో ఎలా తెస్తావు? రెండు: దూరపు కొండలు నీలంగా, పలచగా ఎందుకున్నాయి? మూడు: ఆవిడ వెనక ఎడమ పక్క నీరు కిందికి ఉంది, కుడి పక్క నీరు పైకి ఉంది. స్కేలు పెట్టి చూశాను. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు. మరి ఈ నీరు పల్లం ఎందుకు ఎరగలేదు?

నాయనమ్మ.


ఏలూరు,
అక్టోబరు 5.

నాయనమ్మగారికి,

ఆకాశం మొన్న రెండో తేదీ సాయంత్రానికి అయిపోయింది. చెయ్యి కుదిరేదాకా తేలికైనది నేద్దామని బొమ్మను తలకిందులుగా పెట్టి, పై అంచు నుంచి మొదలుపెట్టాం. మీ కాగితం చూసి మణెమ్మగారు, "ముత్యాల్లాంటి గడులండీ. ఈవిడ ముందు కళ్ళు చెదరకుండా కూచోవాలి" అన్నారు.

మీ ప్రశ్నల కోసం మణెమ్మగారు నన్ను తెల్లవారుతూనే కొల్లేటికోట తీసుకెళ్ళారు. గట్టు మీద నిలబడ్డాం. దగ్గరి గుర్రపుడెక్క పచ్చగా, ఆకు ఆకూ విడివిడిగా కనిపించింది. ఆ వెనక పడవ బూడిద రంగులో ఉంది. దాని వెనక తాటిచెట్లు నీలంగా ఉన్నాయి. ఆ పైన ఏముందో తెలియలేదు. మధ్యలో ఉన్న మంచూ గాలీ ఒక్కో పొరా రంగును తినేస్తున్నాయి. రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు.

మూడో ప్రశ్న మణెమ్మగారిని అడిగాను. ఆవిడ వింతగా చూశారు. "ఇదేం ప్రశ్నండీ? గట్టుకి ఇటు చేపల చెరువు, నిండా కట్టారు. అటు కొల్లేరు, కిందికుంది. మధ్యన గట్టుంటే రెండు నీళ్ళు రెండు ఎత్తుల్లో ఉండవూ?" అన్నారు. మరి బొమ్మలో గట్టేదండీ అన్నాను. "ఆవిడే. అడ్డంగా కూచుంది కదా" అన్నారు.

చిత్రకారుడు అలా ఎందుకు చేశాడో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నాకు తోచింది చెబుతాను. ఎడమ వైపు చూస్తూ ఆవిడను గమనించండి, పొడవుగా నిటారుగా కనిపిస్తుంది. కుడి వైపు చూస్తూ గమనించండి, కాస్త కుంగినట్టుంటుంది. మన చూపు అటూ ఇటూ తిరుగుతుంటే కూర్చున్న మనిషి కదిలినట్టు అనిపిస్తుంది. బతికున్న మనిషిలాగా.

ఇక మొదటి ప్రశ్న. మా ఉన్ని దారంలో నాలుగు పోగులు ఉంటాయి. పోగులు విడదీసి మూడు ముదురు, ఒకటి లేత కలిపి పేనితే మధ్య రంగు వస్తుంది. రెండూ రెండూ కలిపితే ఇంకొకటి. ముడిలోనే పొగ పుట్టించవచ్చు.

కుడి సగం త్వరగా పంపండి. మూడో తేదీ నుంచి మగ్గం ఆగి ఉంది.

మీ రూబీ.


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 9.

ప్రియమైన రూబీకి,

పదికి ఎనిమిదిన్నర. ఒకటిన్నర ఎందుకు తగ్గిందంటే, మూడో జవాబులో మార్కులు మణెమ్మగారివి.

పోగుల లెక్క బాగుంది. పక్కపక్కనే ఉన్న రెండు రంగుల మధ్య మూడు కొత్త రంగులు వస్తాయి కనుక ఏడు రంగులుంటే ఇరవై అయిదు అవుతాయి. మూతి దగ్గర అన్నీ కావాల్సి వస్తాయి. ఆ భాగం మళ్ళీ గీస్తున్నాను.

అయితే కుడి సగం ఇంకా పంపడం లేదు. నా కాగితాన్ని నువ్వు సరిగ్గా చదువుతున్నావో లేదో నాకు తెలియాలి. ఎడమ వైపు నలభై ఒకటి నుంచి డెబ్భై దాకా ముప్పై వరసలు నేసి, ఏ రంగువి ఎన్ని ముడులు పడ్డాయో లెక్క పంపు. నా లెక్కతో సరిపోతే మిగతాది వస్తుంది. మగ్గం ఆగింది అన్నావు. ఎందుకు ఆగాలి? ఎడమ సగం నీ దగ్గరే ఉంది, నేస్తూ ఉండు. చేతిలో ఉన్న పని మానేసి రాబోయేదాని కోసం కూర్చోవడం నాకు నచ్చదు.

మీ నాన్న కుర్చీ మళ్ళీ ఇటు తిప్పుకున్నాడు. అలవాటైపోయిందట.

నాయనమ్మ.


ఏలూరు,
అక్టోబరు 19.

నాయనమ్మగారికి,

నాకు ఆరు రోజులు జ్వరం. ఇప్పుడు తగ్గింది, కంగారు పడకండి. ముప్పై వరసలూ పూర్తయ్యాయి. కుడి వైపు బొమ్మ చూసి నేసేశాం. రెండు వైపులా కలిపి లెక్క ఇది:

మొదటి రంగు 1,824. రెండు 1,490. మూడు 1,262. నాలుగు 1,016. అయిదు 754. ఆరు 532. ఏడు 322. మొత్తం 7,200.

బాగానే వచ్చింది. గంగరాజుగారు కూడా బాగుందన్నారు. ఇక డెబ్భై ఒకటో వరస నుంచి కుడి సగం పంపితే చాలు.

రూబీ.


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 23.

రూబీ,

ఏడు అంకెలు రాశావు. ఏడూ సరి సంఖ్యలే.

బొమ్మ చూసి కంటి అంచనాతో నేసిన కుడి సగంలో, ఎడమ సగానికి తేడాగా ఒక్క ముడి పడినా ఎక్కడో ఒకచోట బేసి సంఖ్య రావాలి. నీ అంకెలన్నీ రెండుతో భాగించాను. 912, 745, 631, 508, 377, 266, 161. నా పుస్తకంలో ఎడమ సగం లెక్క ఇదే, అంకె పొల్లు పోకుండా.

నువ్వు ఎడమ సగాన్నే అద్దంలో చూసినట్టు తిప్పి కుడి వైపు నేశావు. ఆవిడకు రెండు పక్కలా ఒకే కొండ, ఒకే నీరు వచ్చాయి. గట్టూ లేదు, కదలికా లేదు. నేను అడిగిన మూడో ప్రశ్నను మగ్గం మీద నువ్వే చెరిపేశావు.

తప్పు జరగడం వేరు. నాకు "బాగానే వచ్చింది" అని రాయడం వేరు. రెండోదానికి కారణం రాయి.

సలోమి.


ఏలూరు,
అక్టోబరు 26.

నాయనమ్మగారికి,

కారణం భయం. ఇంకేమీ లేదు.

ఎలా జరిగిందో చెబుతాను. తివాచీ నేతలో సగం వరస నేయడం కుదరదు నాయనమ్మా. ఈ చివర నుంచి ఆ చివర దాకా ముడులన్నీ పడ్డాకే అడ్డదారం వేసి దువ్వెనతో బాదుతాం. అప్పుడే పై వరస. మీరు "ఎడమ సగం నేస్తూ ఉండు" అని రాసింది చదివి వినిపిస్తే మణెమ్మగారు పక్కున నవ్వారు. "సగం జడ అల్లుకుని ఊళ్ళోకెళ్ళమన్నట్టుంది" అన్నారు. అది మీకు రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

నాకు జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు మగ్గం ఖాళీగా ఉండేసరికి మణెమ్మగారికి మనసొప్పక, పదిహేనో తేదీన షెడ్డులో పనిచేసే గ్రేస్‌ని తోడు కూర్చోబెట్టుకుని మొదలుపెట్టారు. ఇక్కడ అన్ని తివాచీలకూ సగం కాగితమే ఇస్తారు. రెండో సగం తిప్పి నేసుకోవడమే. ఎవరూ చెప్పక్కర్లేదు. బొమ్మ ప్రింటేమో నా హాస్టలు గదిలో ఉంది. నాలుగు రోజుల్లో ముప్పై వరసలు ఎక్కించేశారు. పంతొమ్మిదిన నేను వచ్చి చూశాను. ఆవిడ మాత్రం నా ముఖం చూసి, "పొరపాటయిందేంటమ్మా? కాగితంలో ఉన్నట్టేగా వేశాను!" అన్నారు. నిజమే కదా.

గంగరాజుగారు, "ఎవరు కనిపెడతారమ్మా? తివాచీ అన్నాక రెండు పక్కలా ఒక్కలాగుంటేనే అందం" అన్నారు. డిసెంబరు పదిహేను గుర్తొచ్చి నేనూ సరే అనుకున్నాను. లెక్క మాత్రం మార్చి రాయలేకపోయాను. ఉన్నదే రాశాను.

ఇప్పుడు ముప్పై వరసలు విప్పితే గడువులోగా అవదు. విప్పకపోతే అది మోనాలిసా కాదు. మీరేమంటే అది. బెంగళూరు వెళ్ళమన్నా వెళ్తాను.

రూబీ.


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 28.

ప్రియమైన రూబీకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి బీరువా తెరిచాను. కుడి సగం అందులోనే ఉంది. నీకు ఎడమది పంపిన రోజుకే అది కూడా పూర్తయింది. వెనకాల తేదీ వేసుకున్నాను, సెప్టెంబరు 20. నువ్వు నా ప్రశ్నలకు కిందా మీదా పడుతున్నప్పుడూ, మగ్గం ఆగిందని రాసినప్పుడూ అది నా చీరల కింద ఉంది. పంపితే నువ్వు ఉత్తరాలు తగ్గిస్తావని కూడా అనుకున్నాను. ఆ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ నిన్ను నిజం రాయమని నేను దాచుకోకూడదు.

సగం వరస నేయకూడదని నాకు తెలియదు. తెలియనప్పుడు అడగాలి. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ఇదే చెప్పాను. మణెమ్మగారి తప్పు లేదు. ఆవిడ అలవాటు ఆవిడ చేసింది, సగం కాగితం ఇచ్చింది నేను.

వరసలు విప్పాలి. ఎల్లుండి పొద్దున రైలుకు వస్తున్నాను. కుడి సగమూ, వంద దాటాక గీసిన వరసలూ నేనే తెస్తున్నాను, పోస్టులో వెయ్యను. నా కళ్ళజోడు సరిగ్గానే ఉంది, వేళ్ళు వణకవు. విప్పడానికి ఏ పనిముట్టు కావాలో మణెమ్మగారిని అడిగి ఒకటి ఎక్కువ పెట్టు.

గడువు గురించి ఇప్పుడు మాట్లాడను.

నాయనమ్మ.


ఏలూరు,
నవంబరు 12.

నాయనమ్మగారికి,

మీరు వెళ్ళాక షెడ్డు బోసిగా ఉంది. అయిదు రోజులూ మీరు విప్పిన ముడులు లెక్కపెడుతుంటే గ్రేస్‌కి భయమేసిందట, "ఈవిడ మా స్కూల్లో ఉండుంటే నేను చదువుకునేదాన్నేమో, పారిపోయేదాన్నేమో" అంటోంది. నాలుగు రోజుల్లో వేసిన ముడులు విప్పడానికి అయిదు రోజులు పట్టిందేమిటని మీరు అడిగినప్పుడు మణెమ్మగారు, "వేసేటప్పుడు విప్పుతామనుకోం కదండీ, గట్టిగా వేస్తాం" అన్నారు. మీరు దాన్ని పుస్తకంలో రాసుకోవడం నేను చూశాను.

ఒక సంగతి మీరు నాకు చెప్పలేదు. ఆఖరి రోజు నేను టీ తేవడానికి వెళ్ళినప్పుడు మీరు ముడి నేర్పమని అడిగారట. కొత్త నలభై ఒకటో వరసలో కుడి చివర పదకొండు ముడులు మీవట. మణెమ్మగారు వేలు పెట్టి చూపించారు. "బళ్ళో టీచరమ్మ ముందు నాకు చెమటలు పట్టాయమ్మా, ఇదేంటి, ఆవిడ నాకు పిల్లయిపోయింది!" అని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ ముడులు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?

కుడి నీరు ఇప్పుడు పైకి వచ్చింది. పని రోజుకు ఏడు వరసలు. కళ్ళ దగ్గరకు వచ్చాం. నాకు నిద్రలో కూడా పోగులే. కానీ జ్వరం కాదు, సంతోషమే.

పదిహేనుకు అవదు. ముందే చెబుతున్నాను.

మీ రూబీ.


తాడేపల్లిగూడెం,
డిసెంబరు 27.

ప్రియమైన రూబీకి,

ఇరవై నాలుగున తివాచీని మగ్గం నుంచి కోసి దించినప్పుడు నేను అక్కడే ఉండి కూడా ఏమీ చెప్పలేదని నువ్వు చిన్నబుచ్చుకున్నావు. క్రిస్మస్ భోజనాల దగ్గర కూడా నా ముఖమే చూస్తూ కూర్చున్నావు, తిరిగి ఏలూరు వెళ్ళేదాకా. ఇంత పెద్ద సంగతి నోటితో చెప్పడం నాకు రాదు. అందుకే రాస్తున్నాను.

షెడ్డులో గోడకు తగిలించాక నేను ఒక అడుగు దూరం నుంచి చూశాను. ఉన్ని తప్ప ఏమీ కనపడలేదు. మూడు అడుగులకు ముఖం వచ్చింది. ఆరు అడుగులకు వచ్చి కళ్ళను చూశాను. నవ్వింది. పెదవుల మీదికి చూపు దించాను. మానేసింది. మళ్ళీ కళ్ళను చూశాను. నవ్వింది. పదిసార్లు చూశాను, పదిసార్లూ అలాగే జరిగింది. మూతి చివర నువ్వు మూడు పోగులు ముదురు, ఒకటి లేత అని వేసినచోట నా కాగితంలో రెండూ రెండూ అని ఉంది. నువ్వు మార్చావు. నాకు చెప్పలేదు. నీదే సరైనది.

చేతిపనిలో లెక్క ఉండదని నేను అనుకునేదాన్ని. మా అమ్మ ఊడ్చిన పొలంలో నాటిన నారు మూనకు మూనకు మధ్య జానెడు తప్పేది కాదని మొన్న రైల్లో గుర్తొచ్చింది. ఆవిడ ఏ స్కేలూ పెట్టుకోలేదు.

నా పదకొండు ముడుల గురించి అడిగావు. ఆరోది వదులుగా ఉంది. అయినా ఉండనీ.

ఇక గడువు. డిసెంబరు పదిహేను అన్నాను, ఇరవై నాలుగున ముగించావు. తొమ్మిది రోజులు ఆలస్యం. షరతు షరతే, నేను దాన్ని మార్చను. కానీ లెక్క పూర్తిగా వెయ్యాలి. కుడి సగం నా బీరువాలో ఉన్నందువల్ల మగ్గం ఆగిన రోజులు పన్నెండు. తప్పుగా నేసినవి నాలుగు. విప్పినవి అయిదు. ఈ ఇరవై ఒక్క రోజులూ నావి, నీ ఖాతాలో వెయ్యడానికి వీల్లేదు. నువ్వు నిజం దాచినందువల్ల పంతొమ్మిది నుంచి నేను వచ్చేదాకా పోయిన పదకొండు రోజులు మాత్రం నీవే. వాటిని నేను మొయ్యను, అవి నీ ఆలస్యంలో ముందే కలిసి ఉన్నాయి.

ఇరవై ఒకటిలో తొమ్మిది పోతే పన్నెండు. అంటే నువ్వు గడువుకు పన్నెండు రోజులు ముందున్నావు. రెండుసార్లు సరిచూశాను. మీ నాన్నతో కూడా వేయించాను. వాడు మొదటిసారి పదమూడు అన్నాడు.

కంపెనీవాళ్ళకు రాలేనని నువ్వే మర్యాదగా రాయి, ఈ వారంలోనే, వాళ్ళు ఇంకొకరిని చూసుకోవాలి. మిగిలిన పన్నెండు రోజులు నీకు సెలవు. ఇరవై నాలుగు నుంచి లెక్కపెట్టుకుంటే జనవరి నాలుగున అయిపోతుంది. అయిదు సోమవారం. పొద్దున ఎనిమిదింటికల్లా మణెమ్మగారి పక్కన కూర్చుని ఉండాలి. నేను ఏడున్నరకే వస్తాను.

మీ నాయనమ్మ,
సలోమి.